జీర్ణోద్ధరణము: పాత కంప్యూటరునకు క్రొత్త దిద్దుబాట్లు

క్రొత్త గుడి కట్టించుటకంటె జీర్ణమైన గుడిని ఉద్ధరించుట మిన్న యని మన పెద్దలు చెప్పుదురు. చెరువు త్రవ్వించిన వాని పేరు శాసనమున కెక్కును. ఏటేట పూడిక తీయించి, తూము బాగుచేయించి, కట్టకు గండిపడకుండ కాచినవాని పేరు మాత్రము ఎవ్వరికిని తెలియదు. కాని ఊరి పొలములకు నీరు పారినది ఆ రెండవవాని వలననే. పూరియింటికి ఏటేట కప్పు నేయవలెను. తాళపత్రమునకు అప్పుడప్పుడు నిమ్మగడ్డి నూనె పట్టింపవలెను. వస్తువును నిర్మించుట ఒకనాటి పని; దానిని నిలుపుకొనుట నిత్యమును చేయవలసిన పని. రాతికి, మట్టికి, ఆకునకు వర్తించు ఈ ధర్మము కంటికి గనబడని కంప్యూటరు ఆజ్ఞలకును వర్తించుచున్నది.

మన పాఠశాలల కంప్యూటరు గదులలో ఒకసారి అడుగిడి చూడుడు. పదేండ్లనాటివి, పదునైదేండ్లనాటివి యైన యంత్రములు ఎన్నియో ఇప్పటికిని పనిచేయుచున్నవి. కొన్ని దాతలు ఇచ్చినవి. కొన్ని కార్యాలయములలో వాడి విడిచినవి. మార్కుల పట్టికలు, ప్రశ్నపత్రములు, బదిలీ పత్రములు అన్నియు వాటిలోనే యున్నవి. వాటిని దిద్దుకొనుటకై ‘అప్‌డేట్’ అను మీటను నొక్కినచో గంటలకొలది తిరుగుచుండుటయో, ఏదో యొక సంకేతసంఖ్యను చూపి విరమించుటయో జరుగును. అప్పుడు ఉపాధ్యాయులలో రెండు పక్షములు ఏర్పడును. “పనిచేయుచున్నది గదా, ముట్టకుడు” అని ఒక పక్షము. “పాతది, పారవేయుడు” అని మరియొక పక్షము. ఈ రెండింటికిని నడుమ మూడవ మార్గ మొకటి కలదు. అది కొంచెము ఓపికను, కొంచెము తెలివిని కోరును. ఆ మార్గమును విచారించుటయే ఈ వ్యాసమున తలపెట్టిన పని.

దిద్దుబా టేల?

కంప్యూటరు దేహమైనచో ఆపరేటింగ్ సిస్టమ్ దాని ప్రాణము. మీటలు నొక్కినచో అక్షరములు కనబడుట, వ్రాసినది దాచబడుట, ముద్రణ యంత్రమునకు కాగితము పంపబడుట, ఇవి యన్నియు దాని యాజ్ఞల వలననే జరుగుచున్నవి. ఈ ఆజ్ఞలు కోట్లకొలది పంక్తులు. వ్రాసినవారు మానవులు, కనుక తప్పులు తప్పవు. అచ్చుపుస్తకమున తప్పు దొరలినచో తప్పొప్పుల పట్టిక చేర్చుదుము. చదువరి దానిని చూచి సరిచేసికొనును. కాని కంప్యూటరు ఆజ్ఞలలోని తప్పు పాఠమును చెరచుటతో పోదు. అది గోడలో కన్నము వంటిది. దొంగవాడు దానిని కనుగొన్నచో ఇల్లు గుల్లయగును. తయారుచేసినవారు అట్టి కన్నమును పూడ్చుటకు పంపు మందుసంచియే అప్‌డేట్. దీనిని ‘దిద్దుబాటు’ అనుట నాకు సమంజసముగా తోచుచున్నది.

ఇందొక విచిత్రము కలదు. దిద్దుబాటు వెలువడిన దినముననే కన్నము ఎచ్చట నున్నదో లోకమునకంతకును తెలిసిపోవును. దిద్దుకొన్నవాడు సురక్షితుడు, దిద్దుకొననివాడు మునుపటికంటె ఎక్కువ ప్రమాదమునకు లోనగును. కావున ఆలస్యము చేయుట యనగా ఉన్నచోట నుండుట కాదు, వెనుకకు పోవుట.

దీనికి 2017 నాటి వన్నాక్రై దాడి గొప్ప నిదర్శనము. విండోస్ యంత్రములు తమలో తాము ఫైళ్లను పంచుకొను పద్ధతిలోని లోపమునకు మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 మార్చి 14న దిద్దుబాటు విడుదలచేసెను. మే 12న దాడి వచ్చెను. నడుమ రెండు నెలల వ్యవధి. ఆ రెండు నెలలలో దిద్దుకొననివారి యంత్రములలోని పత్రములన్నియు తాళము పడిపోయి, విడిపింపవలెనన్న మూడువందల డాలర్ల విలువగల బిట్‌కాయిన్లు చెల్లింపవలెనని తెరపై ప్రకటన వచ్చెను. ఇంచుమించు నూటయేబది దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములు దానివాత పడినవి. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యశాలల ట్రస్టులలో మూడవవంతునకు ఇబ్బంది కలిగి, వేలకొలది రోగుల చికిత్సలు వాయిదా పడినవి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నియు ఆ దాడికి లోనైనట్లు ఆనాటి పత్రికలు ప్రకటించినవి. అప్పటికి మూడేండ్ల క్రిందటనే ఆదరణ ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి సైతము, తన నియమమును తానే సడలించుకొని, మైక్రోసాఫ్ట్ వెంటనే ప్రత్యేకముగ దిద్దుబాటు నొకదానిని అందరికిని ఇచ్చెను. 2019 మే నెలలో బ్లూకీప్ అను మరియొక లోపము బయటపడినప్పుడును ఇట్లే చేసెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యను సామెత ఇచ్చట అక్షరాల సరిపోవును.

ఆయుర్దాయము

ప్రతి ఆపరేటింగ్ సిస్టమునకును ఒక ఆయుర్దాయము నిర్ణయింపబడి యుండును. విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబరు 25న వెలువడెను. 2014 ఏప్రిల్ 8తో దాని ఆదరణ ముగిసెను. విండోస్ 7 పుట్టినది 2009 అక్టోబరు 22. సామాన్యులకు దిద్దుబాట్లు ఆగినది 2020 జనవరి 14. సొమ్ము చెల్లించిన సంస్థలకు మాత్రము 2023 జనవరి వరకు పొడిగింపు లభించెను. విండోస్ 10 వంతు 2025 అక్టోబరు 14న వచ్చెను. దానికి పిదప వచ్చిన విండోస్ 11 కొంత పాతవైన ప్రాసెసర్లను అంగీకరింపదు; భద్రతకై టీపీఎమ్ 2.0 అను ప్రత్యేక విభాగమును కోరును. కావున చక్కగా పనిచేయుచున్న యంత్రములు లక్షలకొలది ఒక్క తేదీతో ‘పాతవి’ అయిపోయినవి. పాత కంప్యూటరు సమస్య ఏ మారుమూల పల్లెకో పరిమితమైనది కాదని దీనివలన గ్రహింపవలెను.

ఆయుర్దాయము ముగియుట యనగా యంత్రము ఆగిపోవుట కాదు. క్రొత్త దిద్దుబాట్లు వెలువడకుండుట మాత్రమే. అంతవరకు వెలువడిన దిద్దుబాట్లను పొందుటకు ఆ యంత్రము ఇంకను అర్హమే. కాని అర్హత వేరు, ప్రాప్తి వేరు. ఆ పాత దిద్దుబాట్లు కూడ నేడు సులభముగా చేతికి రాకుండుటకు నాలుగు అడ్డంకులున్నవి. వాటిని ఒక్కొక్కటిగా చూతము.

నాలుగు తాళములు

మొదటిది గడియారము. ఇది చాల చిన్నది. కాని చాలమంది దీనినే మరచుదురు. కంప్యూటరు లోపల రూపాయి బిళ్లవంటి చిన్న బ్యాటరీ యుండును. కరెంటు లేనప్పుడును కాలమును లెక్కించుచుండుట దాని పని. కొన్నేండ్లకది నీరసించును. అంతట యంత్రము తన తేదీని మరచి, ఎప్పుడో పుట్టిననాటి తేదీని చూపును. ఇంటర్నెట్టులో ప్రతి విశ్వసనీయ స్థలమునకును ఒక ధ్రువపత్ర ముండును. దానికి ఆరంభ తేదీ, ముగింపు తేదీ యుండును. తాను ఇంకను 2009లో నున్నానని భ్రమించు యంత్రమునకు నేటి ధ్రువపత్రము ఇంకను పుట్టనిదిగా గోచరించును. అందుచే తలుపు తీయదు. స్వల్ప వ్యయముతో ఆ బిళ్ల మార్చి, తేదీ సరిదిద్దినచో కొన్నిచోట్ల రోగము అంతటితోనే కుదురును. వైద్యుడు మొదట నాడి చూచినట్లు, పాత కంప్యూటరును ముట్టినవాడు మొదట తేదీని చూడవలెను.

రెండవది భాష. రెండు యంత్రములు ఒకదానితో నొకటి రహస్యముగా మాటలాడుకొనుటకు టీఎల్ఎస్ అను ఒడంబడిక కలదు. దాని మొదటి రూపము 1999లో ఏర్పడెను. 1.2 అను రూపము 2008లోను, 1.3 అను రూపము 2018లోను వచ్చినవి. మొదటి రెండు రూపములు, అనగా 1.0, 1.1 అనునవి, బలహీనమైనవని తేలి 2021 మార్చిలో అధికారికముగా త్యజింపబడినవి. ఎక్స్‌పీ తనంతట తాను మాటలాడగలిగినది 1.0 మాత్రమే. నేటి ద్వారపాలకుడు ఆ భాషకు బదులు పలుకడు. విండోస్ 7 పరిస్థితి మరియొక విధము. దానికి 1.2 వచ్చును, కాని దానిలోని కొన్ని భాగములు అడిగినగాని దానిని పలుకవు. వాటిచేత పలికించుటకు 2016లో ప్రత్యేకముగా ఒక దిద్దుబాటు రావలసి వచ్చెను. ధ్రువపత్రములకు మూలమైన మూలపత్రములకు గూడ కాలదోషము పట్టును. 2021 సెప్టెంబరు 30న అట్టి మూలపత్ర మొకదాని గడువు తీరగా, దానినే నమ్ముకొన్న పాత యంత్రములు, పాత ఫోనులు అనేక స్థలములకు ప్రవేశము కోల్పోయినవి.

మూడవది ముద్ర. తూర్పు చాళుక్యుల తామ్రశాసనముల రేకులను కూర్చిన కడియముపై వరాహ లాంఛనముతో ‘శ్రీ త్రిభువనాంకుశ’ యను ముద్ర యుండుట చరిత్ర విద్యార్థులకు తెలిసినదే. ముద్ర లేని శాసనము నమ్మదగదు. దిద్దుబాట్లకును అట్టి ముద్ర కలదు. దిద్దుబాటులోని యాజ్ఞలనన్నింటిని ఒక గణితప్రక్రియలో పోసి, దానినుండి ఒక చిన్న సంఖ్యను రాబట్టి, ఆ సంఖ్యపై సంస్థ తన రహస్యముద్ర వేయును. ఆజ్ఞలలో ఒక్క అక్షరము మారినను ఆ సంఖ్య పూర్తిగా మారిపోవును. 1995లో అమెరికా ప్రమాణసంస్థ ప్రకటించిన షా-1 అను ప్రక్రియ ఈ పనికి చిరకాలము వాడుకలో నుండెను. అయితే 2017 ఫిబ్రవరిలో గూగుల్ సంస్థవారును, ఆమ్‌స్టర్‌డామ్ నగరమందలి గణితశాస్త్ర పరిశోధనాలయమువారును కలసి, వేరువేరైన రెండు పత్రములకు ఒకే షా-1 సంఖ్య వచ్చునట్లు చేసి చూపిరి. అనగా దొంగముద్ర సాధ్యమని ఋజువైనది. కావున మైక్రోసాఫ్ట్ సంస్థ షా-2 అను బలవత్తరమైన ముద్రకు మారి, 2020 ఆగస్టునాటికి షా-1 మార్గములను మూసివేసెను. పాత యంత్రమునకు క్రొత్త ముద్ర తెలియదు. తెలియని ముద్రను తిరస్కరించుట దాని ధర్మము. సీతాదేవి అంగుళీయకమును గుర్తించినది కనుకనే హనుమంతుని నమ్మినది. ఆనవాలు తెలియని వస్తువును చూపినచో నమ్మి యుండునా?

నాలుగవది పనివాడు. దిద్దుబాట్లను వెదకి, క్రమము నిర్ణయించి, అమర్చు భాగము ఆపరేటింగ్ సిస్టమ్ లోపలనే యున్నది. వాడును పాతవాడే. విండోస్ 7ను మరల మొదటినుండి అమర్చినవారు దీనిని బాగుగా ఎరుగుదురు. వందలకొలది దిద్దుబాట్లలో ఏది దేనికి బదులు వచ్చినదో లెక్కించుటలో మునిగి, ఆ పాత పనివాడు గంటలకొలది, ఒక్కొకప్పుడు రోజు పొడుగునను, “వెదకుచున్నాను” అనుచునే యుండును. ప్రాసెసరు శక్తినంతయు మ్రింగుచుండును. కావున ఇల్లు బాగుచేయుటకు ముందు తాపీవానికి క్రొత్త పనిముట్లు ఇయ్యవలసి యున్నది. దిద్దుబాటు చేయువానికే ముందు దిద్దుబాటు కావలెను.

క్రమమే రహస్యము

పై నాలుగింటిని చూచినచో ఒక చిక్కుముడి కానవచ్చును. క్రొత్త ముద్రను నేర్పు దిద్దుబాటు రావలెనన్న క్రొత్త ముద్ర తెలిసియుండవలెను! విత్తు ముందా, చెట్టు ముందా యను ప్రశ్నవంటిది ఇది. కాని దీనికి పరిష్కారము కలదు. క్రొత్త ముద్రను పరిచయముచేయు తాఖీదును పాతముద్రతోనే పంపినారు. దానిని చేతితో తెచ్చి అమర్చినచో ఆపైని వచ్చు తాఖీదులన్నియు చెల్లుబాటగును.

నా పూర్వవిద్యార్థి యొకడు ఇప్పుడు ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు. వాని పాఠశాలలో విండోస్ 7 గల యంత్ర మొకటి చెడిపోగా దానిని మొదటినుండి అమర్చుకొనవలసి వచ్చినది. “గురువుగారూ, రెండు దినములైనది, వెదకుచున్నా ననుటయే గాని ఏమియు దొరకుట లేదు. దీనిని అటకమీద పెట్టవలసినదేనా?” అని ఫోనులో అడిగినాడు. “సంధిసూత్రములు పూర్వాపరములు తప్పి వర్తింపజేసినచో రూపము సిద్ధించునా, నాయనా? ఇదియు నంతే. క్రమము పట్టుకొనుము” అంటిని. ఆ క్రమము ఉపాధ్యాయ మిత్రులకు ఉపయోగపడునని ఇచ్చట వివరించుచున్నాను.

మైక్రోసాఫ్ట్ సంస్థకు అప్‌డేట్ కేటలాగ్ అను బహిరంగ భాండారము కలదు. ప్రతి దిద్దుబాటునకును కేబీ అను అక్షరములతో మొదలగు సంఖ్య యుండును. ఆ సంఖ్యతో వెదకి, క్రొత్త యంత్రముపై దింపుకొని, పెన్‌డ్రైవులో పాత యంత్రమునకు చేర్చవచ్చును. 32 బిట్ల యంత్రమునకు, 64 బిట్ల యంత్రమునకు వేరువేరు కట్ట లుండును; తమది ఏదో ముందుగా చూచుకొనవలెను. పాత యంత్రమును ఈ పని ముగియువరకు ఇంటర్నెట్టుకు కలుపకుండుట మేలు.

మొదటిది, 2011లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1. ఇది పునాది. రెండవది, 2015 ఏప్రిల్ నాటి కేబీ 3020369. ఇదియే పనివానికి క్రొత్త పనిముట్లు ఇచ్చునది. మూడవది, 2016లో వచ్చిన కేబీ 3125574. సర్వీస్ ప్యాక్ 1 తరువాత 2016 ఏప్రిల్ వరకు వచ్చిన దిద్దుబాట్లలో చాలభాగమును ఒకే మూటగా కట్టినది ఇది. రెండవది లేక మూడవది అమరదు. నాలుగవది, ఐదవది 2019 మార్చిలో వెలువడిన జంట: కేబీ 4490628, కేబీ 4474419. క్రొత్త ముద్రను నేర్పునవి ఇవియే. రెండవదానికి ఆ యేడు సెప్టెంబరులో సవరించిన ప్రతి వచ్చెను. దానిని గ్రహించుట మంచిది. తరువాత 2020 జనవరి 14 నాటి పనిముట్ల కట్ట కేబీ 4536952. ఆ వెనుక అదే దినమున వచ్చిన కేబీ 4534310. సామాన్యులకు ఉచితముగా లభించిన చివరి నెలవారీ దిద్దుబాటు అదియే.

ఆ చివరి దిద్దుబాటులోనే ఒక చిన్న లోపము దొరలుట విధివిలాసము. తెరపై నిండుగా సాగదీసిన చిత్రము పెట్టుకొన్నవారికి ఆ చిత్రము పోయి నల్లని తెర కనబడెను. ఆదరణ ముగిసినది గదా, సొమ్ము కట్టినవారికే సవరణ యని మొదట సంస్థవారు తలచి, పిదప మనసు మార్చుకొని 2020 ఫిబ్రవరిలో కేబీ 4539602 అను సవరణను అందరికిని ఇచ్చిరి. తుదిపలుకులో దొరలిన అచ్చుతప్పును దిద్దుటకు వేసిన అనుబంధ మది.

ఒక్కొక్క మెట్టు ఎక్కిన తరువాత యంత్రమును ఆపి మరల ప్రారంభింపవలెను. ఈ యోపిక లేక నాలుగైదింటిని ఒకేసారి పెట్టినవారే ఎక్కువగా చెడిపోవుచున్నారు. అన్నింటికంటె ముందు, ఈ పనికి చేయిపెట్టుటకు ముందే, లోపలి పత్రములన్నింటికిని వేరొక ప్రతి తీసికొనవలెను. పైన పేర్కొన్న పండితుడు ఈ క్రమమును రెండు సాయంకాలములలో పూర్తిచేసినాడు. తొమ్మిదవ తరగతి పిల్లలిద్దరు ప్రక్కన కూర్చుండి సంఖ్యలు చదివి వినిపించి, ఒక్కొక్కటి ముగియగానే పుస్తకములో కొట్టివేసినారట. ఆ పిల్లలు నేర్చుకొన్నది కంప్యూటరు ఒక్కటే కాదని నా విశ్వాసము.

మారువేషము

ఎక్స్‌పీ విషయమున లోకులు పన్నిన ఒక యుపాయము చెప్పదగినది. దుకాణములలో బిల్లులు వేయు యంత్రములకై ఎక్స్‌పీ ఆధారముగానే పోస్‌రెడీ 2009 అను వ్యవస్థను తయారుచేసిరి. దానికి 2019 ఏప్రిల్ 9 వరకు దిద్దుబాట్లు వచ్చుచుండెను. ఎక్స్‌పీ లోపలి పట్టికలో ఒక చిన్న మాట చేర్చి, “నేను దుకాణపు యంత్రమును” అని దానిచేత చెప్పించినచో, 2014 తరువాతను దిద్దుబాట్లు రాసాగినవి. ఇవి ఎక్స్‌పీపై పరీక్షింపబడినవి కావు, చెడినచో బాధ్యత మాది కాదు అని మైక్రోసాఫ్ట్ హెచ్చరించెను. విన్నవారు తక్కువ.

బ్రాహ్మణ వేషమున పరశురాముని యొద్ద అస్త్రవిద్య నేర్చిన కర్ణుని కథ ఇచ్చట జ్ఞాపకము రాక మానదు. విద్య వచ్చినది నిజమే. కాని అక్కరపడిన వేళ అది స్ఫురింపదను శాపమును వెంటవచ్చినది. మారువేషమున సంపాదించిన దిద్దుబాటు సామాన్యదినములలో పనిచేయవచ్చును. ఏ నాడు ఏ పరికరముతో పొసగక యంత్రము లేవకుండ పోవునో చెప్పువారు లేరు. ఇదికాక, మూతపడిన పాత మార్గమును మరల తెరచుటకు స్వచ్ఛందముగ శ్రమించుచున్నవారును కలరు. లెగసీ అప్‌డేట్ అను సేవ అట్టిది. పాత యంత్రమునకును మైక్రోసాఫ్ట్ భాండారమునకును నడుమ దుబాసివలె నిలిచి ఒకరి మాట ఒకరికి అందించుట దాని పని. శ్రమ కొనియాడదగినదే. అయినను దుబాసిని నమ్మవలసిన భారము మనమీదనే యుండునని మరువరాదు. ఊరుపేరు లేని స్థలములనుండి ‘అన్ని దిద్దుబాట్లు ఒకే మూటలో’ అను వస్తువును దింపుకొనుట మాత్రము దొంగకు తాళపుచెవి ఇచ్చుటయే.

అక్షరముల గతి

తెలుగువారికి ఈ విషయమున సొంత కష్ట మొకటి కలదు. ఎక్స్‌పీలో గౌతమి యను తెలుగు ఖతి వచ్చినది. అయినను తెలుగు సరిగా కనబడుటకు భాషల పట్టికలో ఒక గడిని గుర్తించి, అసలు సీడీ నుండి కొన్ని ఫైళ్లు ఎక్కింపవలసి యుండెను. ఆ సీడీ పోగొట్టుకొన్నవారికి తెలుగు ముక్కలు ముక్కలుగా కనబడెను. విండోస్ 7లో వాణి యను మరియొక ఖతి చేరినది.

కాని అక్షరములును నిలిచియుండునవి కావు. దంత్య చ, జ లకు ప్రత్యేక రూపములైన ౘ, ౙ లు 2008లో యూనికోడ్ ప్రమాణమున చేరినవి. మన రూపాయి గుర్తు ₹ ను భారత ప్రభుత్వము 2010 జూలైలో స్వీకరింపగా, ఆ యేడే యూనికోడ్ దానికి స్థానమిచ్చెను. విండోస్ 7కు, విస్టాకు అది దిద్దుబాటు రూపముననే వచ్చి చేరినది. పాతగ్రంథములలో మనము చూచు నకారపొల్లు 2021లో గాని ఆ ప్రమాణమున చోటు చేసికొనలేదు. 2001లో చెక్కిన ఖతిలో ఈ అక్షరములు ఉండుట ఎట్లు పొసగును? అచ్చట ఖాళీ పెట్టె మాత్రమే కనబడును. పాతకావ్యమును కంప్యూటరులో చదువగోరు విద్యార్థికి ఆ ఖాళీ పెట్టె ఒక లుప్తాక్షరము. కావున దిద్దుబాటు భద్రతకే కాదు, భాషకును అవసరము.

దీనికి వ్యతిరేకమైన బంధమును ఒకటి కలదు. తెలుగునాట ముద్రణాలయములలో పేజీమేకరు, అను ఖతులు చిరకాలము రాజ్యమేలినవి. ఆ ఖతులు యూనికోడ్ పద్ధతివి కావు. ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు రూపములను నిలిపినవి. ఆ ఖతి లేని యంత్రమున తెరచినచో తెలుగు పద్యము అర్థము లేని ఆంగ్లాక్షరముల కుప్పగా కనబడును. ఆ ఫైళ్లు తెరువవలెననియే అనేకులు పాత యంత్రమును విడువలేకున్నారు. వారిని తప్పుపట్టరాదు. వారు కాపాడుచున్నది యంత్రమును కాదు, గ్రంథమును. అయితే గ్రంథము నిలువవలెనన్న ప్రతి వ్రాయుట తప్పదని తాళపత్రముల చరిత్ర మనకు నేర్పినది. ఆ ఫైళ్లను యూనికోడునకు మార్చి, తప్పులు సరిచూచి, రెండుమూడు చోట్ల దాచుటయే వాటికి అసలైన జీర్ణోద్ధరణము.

ఎచ్చట ఆగవలెను?

ఎంత దిద్దినను విండోస్ 7 దిద్దుబాట్లు 2020 జనవరి నాటివే. ఆ పిదప బయటపడిన కన్నములు తెరచియే యున్నవి. కావున అట్టి యంత్రముపై బ్యాంకు వ్యవహారములు, విద్యార్థుల ఆధార్ వివరములు వంటివి నడుపరాదు. ఇంటర్నెట్టు తీగను తొలగించి, టైపు నేర్చుకొనుటకు, ప్రశ్నపత్రములు కూర్చుటకు, పాత ఫైళ్లు చదువుటకు వాడుకొనవచ్చును. ఇతరుల పెన్‌డ్రైవులు పెట్టనీయరాదు. ముసలివాని సేవను గౌరవించుట వేరు, అతనిచేత రాత్రి కావలి కాయించుట వేరు.

ఇంకను ఇంటర్నెట్టు కావలెనన్నచో లినక్సు కుటుంబమునకు చెందిన ఉచిత వ్యవస్థ నొకదానిని అమర్చుట మేలైన మార్గము. అందును కాలధర్మము తప్పదు. ఉదాహరణకు, డెబియన్ అను ప్రసిద్ధ వ్యవస్థలో గడువు తీరిన సంచికలను ప్రత్యేక భాండారమునకు తరలింతురు. పాత చిరునామాలో వెదకు యంత్రమునకు ఏమియు దొరకదు. చిరునామా మార్చినగాని దిద్దుబాట్లు రావు. 2025 ఆగస్టులో వచ్చిన 13వ సంచిక మొదలు 32 బిట్ల పాత యంత్రములపై దానిని క్రొత్తగా అమర్చు సదుపాయము తొలగింపబడినది. అయినను అచ్చట పాతసంచికలన్నియు బహిరంగముగా దాచబడియుండుట, ఏ తాళము ఎట్లు పడినదో చదివి తెలిసికొనుటకు వీలుండుట విద్యార్థులకు గొప్ప మేలు.

విద్యార్థులారా! క్రొత్త యంత్రమును నడుపుట ఎవరికైనను వచ్చును. పాత యంత్రము ఏల పలుకుట లేదో విచారించి, గడియారమా, భాషయా, ముద్రయా, పనివాడా యని ఒక్కొక్కటిగా పరీక్షించి, క్రమము తప్పక దిద్దినవానికే యంత్రము యొక్క మర్మము తెలియును. వ్యాకరణము చదువని వాడును మాటలాడును. కాని తప్పు ఎచ్చట నున్నదో చూపజాలడు. మీ పాఠశాలలో మూలపడియున్న కంప్యూటరొకటి తప్పక యుండును. మీ ఉపాధ్యాయుల అనుమతితో దానిమీది దుమ్ము తుడువుడు. లోపలి పత్రములకు మొదట ప్రతి తీయుడు. పిదప తేదీ చూడుడు. అచ్చటినుండి దారి దానంతట అదియే కనబడును.